సీసా మీద ఒక మాట, కొట్లో ఒక మాట

పెదనందిపాడు దాటి పర్చూరు వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడే. డిసెంబరులో ఆ దారిన పోతే ఒక పక్క పత్తి తీతలు, ఇంకో పక్క మిర్చి పూత. అలాంటి ఒక మిర్చి చేలో రైతు ఒక పువ్వు కోసి నా అరచేతిలో దులిపాడు. నల్లగా, సన్నగా, కంటికి ఆనీ ఆననట్టుండే పురుగులు పదిహేనో ఇరవయ్యో రాలాయి. నల్ల తామర పురుగు. గట్టు మీద ఖాళీ సీసాలు ఏడెనిమిది పడి ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. ముందువైపు పచ్చటి ఆకు బొమ్మ, పెద్దక్షరాల్లో పేరు. వెనకవైపు చీమతలంత అక్షరాల్లో మూడు సంగతులు రాసి ఉన్నాయి: మొక్క ఎదుగుదలకు తోడ్పడుతుంది, పూత నిలుపుతుంది, ఎండనూ వాననూ తట్టుకునే శక్తినిస్తుంది. పురుగు అన్న మాట సీసా మొత్తం మీద ఎక్కడా లేదు.

"దేనికి కొట్టారిది?" అని అడిగాను.

"నల్లికండి. కొట్టాయన నల్లికి దీన్ని మించింది లేదన్నాడు."

ఆ సీసా మీద రాసింది ఒకటి, కొట్లో చెప్పింది ఇంకొకటి. రైతు డబ్బిచ్చింది కొట్లో విన్న మాటకి. రేపు కేసంటూ పెడితే కోర్టు ముందుకు వచ్చేది సీసా మీద రాసిన మాట. ఈ రెండు మాటల మధ్య ఉన్న సందులోనే ఏళ్ల తరబడి పెద్ద వ్యాపారం నడుస్తోంది. తప్పుడు లేబుల్ మందులు అమ్మినవాళ్ల మీద కేసు ఎలా పెడతారు, పెట్టిన కేసు ఎక్కడ జారిపోతుంది, అందులో రైతు చేతిలో ఉన్నదేమిటి అన్నది నిదానంగా చూద్దాం.

ముందు మందు అన్న మాట సంగతి. మన వాడుకలో మనిషికీ మందే, గొడ్డుకీ మందే, కోడికీ మందే, పైరుకీ మందే. చట్టం మాత్రం వీటిని వేరు వేరు గదుల్లో పెట్టింది. మనిషి మందు, పశువుల మందు, కోళ్ల మందు 1940 నాటి ఔషధాల చట్టం కిందకి వస్తాయి. పురుగుమందు 1968 నాటి పురుగుమందుల చట్టం కిందకి వస్తుంది. ఎరువులు, వాటితోపాటు ఇప్పుడు మొక్కలకు బలమిచ్చే టానిక్కులు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకి వస్తాయి. విత్తనానికి 1966 నాటి చట్టం ఉంది. ఒక గదిలో తలుపు గట్టిగా ఉంటే, మోసం చేసేవాడు తన సరుకు పక్క గదిదని లేబుల్ వేస్తాడు.

పెరటి కోళ్లు పెంచినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది. అది సోకిన కోడిని బాగుచేసే మందు ఇప్పటికీ లేదు, ముందుగా టీకా వేయించడం ఒక్కటే దారి. అయినా సంతల్లో, కొట్లలో "కొక్కెర పోతుంది" అంటూ పొడులు, ద్రావణాలు అమ్ముతారు. సీసా వెనక చూస్తే అది దాణాలో కలిపే పోషకం అని ఉంటుంది, మందుగా వాడేందుకు కాదు అని కూడా ఉంటుంది. అడిగితే "మేం మందని ఎక్కడా రాయలేదే" అంటారు. మిర్చి చేలో నేను చూసిన సీసాదీ అదే తీరు. కోడి దగ్గర మందు దాణా అయినట్టు, పైరు దగ్గర పురుగుమందు టానిక్ అవుతుంది.

ఈ తగువు మన దగ్గరే పుట్టింది కాదు. అమెరికాలో 1906లో ఆహార, ఔషధ చట్టం వచ్చింది. సీసా మీద అబద్ధం రాస్తే నేరం అన్నారు. కాన్సాస్ సిటీలో ఒకాయన క్యాన్సర్ నయం చేస్తానని అమ్మిన మందు మీద కేసు నడిస్తే, 1911లో అక్కడి సుప్రీంకోర్టు మెలిక తీసింది. మందులో ఏముందో అబద్ధం చెబితే నేరం, అది ఏ రోగాన్ని తగ్గిస్తుందో అబద్ధం చెబితే ఈ చట్టం కిందకి రాదు అంది. మరుసటి ఏడు, 1912లో చట్టాన్ని సవరించారు గానీ, అమ్మినవాడు కావాలనే మోసం చేశాడని ప్రభుత్వం రుజువు చేయాలన్న బరువు పెట్టారు. మనసులో ఏముందో రుజువు చేయడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. 1938లో కొత్త చట్టం వచ్చేదాకా ఆ బరువు దిగలేదు. ఆ మధ్య కాలంలో అక్కడి వ్యవసాయ శాఖ అచ్చువేసిన తీర్పుల సంచికల్లో కోళ్ల మందుల కేసులు కూడా ఉన్నాయి. కోడికొచ్చే ప్రతి రోగమూ పోతుందని డబ్బా మీద రాసిన పొడుల కేసులవి.

మన 1968 చట్టం ఈ విషయంలో మెరుగు. 1958లో కేరళలో, అప్పటి మద్రాసు రాష్ట్రంలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన తిండి తిని వందమందికి పైగా చనిపోయారు. దాని మీద వేసిన విచారణ నుంచి ఈ చట్టానికి దారి పడింది. ఇందులో అమ్మినవాడి ఉద్దేశంతో పని లేదు. ముఖ్యమైన ఏ విషయంలోనైనా లేబుల్ అబద్ధంగా గానీ, తప్పుదారి పట్టించేలా గానీ ఉంటే అది మిస్‌బ్రాండెడ్ సరుకే. ఇంకొక మందు పేరుతో అమ్మినా, రిజిస్ట్రేషన్‌లో లేని పదార్థం కలిపినా, వేయాల్సిన హెచ్చరిక వేయకపోయినా అంతే. కాగితం మీద ఇంత గట్టి చట్టం ఉండి కూడా కేసులు నిలవకపోవడానికి కారణం వేరే ఉంది. దానికి వచ్చేముందు ఈ నేల సంగతి కొంత చెప్పాలి.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుకు మందు సీసాతో ఉన్న అనుబంధం తీపిదేమీ కాదు. 1980లలో ఇక్కడ పత్తి మీద మొదట తెల్లదోమ విరుచుకుపడింది. తర్వాత శనగపచ్చ పురుగు వచ్చింది. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే కొత్త మందులు అప్పటికి కొన్నేళ్లుగా బాగా పనిచేస్తుండటంతో వాటినే మళ్లీ మళ్లీ కొట్టారు. 1987-88 పంటకాలానికి పురుగు వాటికి అలవాటు పడిపోయింది. ఎంత కొట్టినా చావలేదు. దేశంలో ఆ పురుగు ఆ మందులకు లొంగకపోవడం శాస్త్రవేత్తలు మొదట నమోదు చేసిన చోట్లలో ఈ ప్రాంతం ఒకటి. కొట్టిన మందు పనిచేయకపోతే రైతు ఏమనుకుంటాడు? మందు నకిలీ అనుకుంటాడు, లేదా మోతాదు చాల్లేదనుకుని రెట్టింపు కొడతాడు. ఆ ఏడు అప్పుల్లో మునిగిన పత్తి రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వరంగల్ చావుల గురించి 1998లో దేశమంతా మాట్లాడుకుంది గానీ, దానికి పదేళ్ల ముందే ఇక్కడ ఆ దుఃఖం నడిచింది.

ఆ చేదు ఒక పాఠం నేర్పింది, ఒక చిక్కునూ మిగిల్చింది. మందు పనిచేయకపోవడానికి రెండు కారణాలుంటాయి. పురుగు మొండికెత్తి ఉండొచ్చు, లేదా సీసాలో మందే లేకపోవచ్చు. చేలో నిలబడి చూస్తే ఈ రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. నకిలీ అమ్మినవాడికి ఇదే పెద్ద రక్ష. "మందు మంచిదే, మీ చేలో పురుగే మొండిది, ఇంకో రెండు సీసాలు పట్టుకెళ్లండి" అంటాడు. అవునో కాదో తేల్చగలిగింది ప్రయోగశాల ఒక్కటే.

2021లో మిర్చికి నల్ల తామర పురుగు తగిలినప్పుడు ఇదంతా మళ్లీ జరిగింది. ఇంతకు ముందు మనకు తెలిసిన తామర పురుగు ఆకు మీద చేరి పైముడత తెచ్చేది. ఇది నేరుగా పూతలోకి దూరుతుంది. పూత రాలిపోతుంది, కాయ దిగదు. గుంటూరు, ప్రకాశం, పల్నాడు మిర్చి తోటల్లో రైతులు తోటలు పీకేసిన సందర్భాలున్నాయి. ఎకరానికి లక్షకు పైగా పెట్టుబడి మట్టిలో పోసినవాడికి పూత కళ్లముందు రాలుతుంటే, ఎవరు ఏ సీసా చేతిలో పెట్టినా కొడతాడు. ఆకు బొమ్మల సీసాలకు అంతకన్నా మంచి సీజన్ ఉండదు.

ఇంతకీ ఆ సీసాల్లో ఏముంటుంది? మూడు రకాలు ఉంటాయి. మొదటిది, ఏమీ ఉండదు. రంగు నీళ్లు, కాస్త నూనె, కాస్త వాసన. రెండోది, ఉండాల్సింది తక్కువుంటుంది. మూడోది అన్నిటికంటే ప్రమాదం. అందులో చెప్పనిది ఉంటుంది. లేబుల్ మీద వేప, సముద్రపు నాచు, మొక్కల సారం అని ఉంటుంది. లోపల మాత్రం గట్టి రసాయన పురుగుమందు కలిపి ఉంటుంది.

మూడో రకాన్ని రైతులు మెచ్చుకుంటారు, చిక్కంతా అక్కడే. కొట్టిన రెండో రోజుకే పురుగు పడిపోతుంది. ఫలానా బయో మందు బ్రహ్మాండంగా పనిచేసిందని ఊరంతా పాకుతుంది. అసలైన జీవ మందు అలా పనిచేయదు. బవేరియా లాంటి శిలీంధ్రం పురుగు ఒంటి మీద మొలిచి చంపడానికి రోజులు పడుతుంది. బయో అన్న మందు గంటల్లో పురుగును రాల్చిందంటే సంతోషించకండి, అనుమానించండి. ఎందుకంటే లోపల ఏముందో తెలియని మందు కొట్టినప్పుడు రైతు అంతకు ముందు వారం కొట్టిన మందునే ఇంకో పేరుతో మళ్లీ కొడుతున్నాడేమో ఎవరికీ తెలియదు. మందులు మార్చి మార్చి కొట్టమని గుంటూరు పక్కనున్న లాం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చెప్పిన సలహా అక్కడితో పనికిరాకుండా పోతుంది. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో తెలియదు, కాబట్టి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే కాయలో విషపు అవశేషం మిగులుతుంది. విదేశీ కొనుగోలుదారు సరుకు వెనక్కి పంపితే మచ్చ పడేది ఊరి మిర్చికంతా.

ఇంకొకటుంది, అది తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. మందు కొట్టే కూలీ కళ్లు తిరిగి పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లేవాళ్లు చేసే మొదటి పని సీసా పట్టుకెళ్లడం. డాక్టరు లేబుల్ చూసి విరుగుడు ఎంచుతాడు. ఆర్గానోఫాస్ఫరస్ విషానికి అట్రోపిన్ ఇస్తారు. వేరే రకం విషానికి వేరే వైద్యం. లేబుల్ మీద వేపాకు బొమ్మ ఉంటే ఆయన ఏమని ఎంచాలి? తప్పుడు లేబుల్‌ను డబ్బు మోసంగా మాత్రమే చూసేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

చట్టం ప్రకారం పురుగుమందు సీసా మీద నాలుగు రంగుల్లో ఏదో ఒక రంగుతో గుర్తు ఉండాలి. మూల మీద నిలబెట్టిన చతురస్రం, అందులో కింది సగం ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఒకటి. ఎరుపు అన్నిటికన్నా విషం. దాంతోపాటు రిజిస్ట్రేషన్ నంబరు, అసలు మందు పేరు, దాని శాతం, బ్యాచి నంబరు, గడువు తేదీ, విరుగుడు ఉండాలి. నిజమైన జీవ పురుగుమందుకు కూడా ఫరీదాబాద్‌లోని కేంద్ర పురుగుమందుల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పదు. బయో అన్నంత మాత్రాన మినహాయింపు లేదు.

మరి టానిక్కుల సంగతి? చాలా ఏళ్లు వాటికి ఏ చట్టమూ లేదు. ఇది పురుగుమందు కాదు, ఎరువూ కాదు అంటూ ఎవరికి వారు అమ్ముకున్నారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం వాటిని బయోస్టిమ్యులెంట్లు అన్న పేరుతో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి తెచ్చింది. వాటిలో పురుగుమందు 0.01 పీపీఎం, అంటే పది కోట్ల పాళ్లలో ఒక పాలు మించకూడదని షరతు పెట్టింది. తాత్కాలిక అనుమతులతో అమ్మకాలు ఇంకో నాలుగేళ్లు సాగాయి. ఒకప్పుడు 30 వేల దాకా ఇలాంటి ఉత్పత్తులు అడ్డూఅదుపూ లేకుండా అమ్ముడయ్యేవని, తర్వాత అవి 8 వేలకు, చివరికి 650 దగ్గరకు తగ్గాయని కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ 2025 జూలైలో స్వయంగా చెప్పారు. ఆ లెక్కలే చెబుతున్నాయి, రైతు ఇన్నాళ్లూ దేని మీద డబ్బు పోశాడో.

ఏ గది తలుపు తడతామన్న దాన్ని బట్టి శిక్ష మారిపోతుంది. మిస్‌బ్రాండెడ్ పురుగుమందు అమ్మితే మొదటి నేరానికి రెండేళ్ల వరకు జైలు, లేదా 10 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి చేస్తే మూడేళ్ల వరకు. ఎరువుల ఉత్తర్వు నిత్యావసర వస్తువుల చట్టం కింద ఉంది కాబట్టి అక్కడ మూడు నెలల నుంచి ఏడేళ్ల దాకా పోవచ్చు. విత్తనాల చట్టంలో మొదటి నేరానికి గరిష్ఠ జరిమానా 500 రూపాయలు. 1966లో రాసిన 500 అది. ఒక మిర్చి విత్తనాల ప్యాకెట్ ఖరీదు అంతకన్నా ఎక్కువ. కాబట్టి అధికారి ఏ చట్టం కింద నమూనా తీశాడన్నది చిన్న సంగతి కాదు. టానిక్ అని రాసిన సీసాలో పురుగుమందు బయటపడితే అది టానిక్ చట్టం ప్రకారమూ తప్పే, రిజిస్ట్రేషన్ లేని పురుగుమందుగానూ తప్పే. రెండు వైపుల నుంచీ పట్టుకోవచ్చు.

ఇప్పుడు కేసు నడిచే తీరు చూద్దాం. వ్యవసాయాధికారి పురుగుమందుల ఇన్‌స్పెక్టర్ హోదాలో కొట్లోకి వస్తాడు. అనుమానం ఉన్న సరుకు అమ్మకం 30 రోజుల దాకా ఆపించవచ్చు. నమూనా తీస్తే దాన్ని మూడు భాగాలు చేసి, సీలు వేసి, ఒకటి కొట్టాయనకే ఇస్తాడు. రెండోది ప్రయోగశాలకు పోతుంది. మూడోది కోర్టుకు అప్పజెప్పడం కోసం దాచాలి. ప్రయోగశాల 30 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. సరుకు తప్పని తేలితే ఆ నివేదిక కాపీ నిందితుడికి ఇస్తారు. దాన్ని ఒప్పుకోనంటే 28 రోజుల్లో చెప్పాలి. అప్పుడు కోర్టు తన దగ్గరున్న మూడో భాగాన్ని కేంద్ర ప్రయోగశాలకు పంపుతుంది. అక్కడి మాటే ఆఖరి మాట.

ఎవరికీ అన్యాయం జరగకూడదని పెట్టిన పద్ధతి ఇది, పెట్టింది మంచికే. అయితే దీనికి ఒక గడియారం కట్టి ఉంది. పురుగుమందుకు గడువు తేదీ ఉంటుంది. కొట్లో నమూనా తీసేనాటికే సీసా వయసు ఎనిమిది తొమ్మిది నెలలు ఉండొచ్చు. నివేదిక రావడం, పైఅధికారికి ఫైలు పోవడం, అనుమతి రావడం, ఫిర్యాదు దాఖలు చేయడం, నిందితుడికి సమన్లు అందడం, ఇవన్నీ అయ్యేసరికి మూడో భాగంలో మందు గడువు దాటిపోతుంది. గడువు దాటిన మందును మళ్లీ పరీక్షించి లాభం లేదు. అంటే మళ్లీ పరీక్ష చేయించుకునే హక్కు నిందితుడికి చట్టం ఇచ్చినా, సర్కారు ఆలస్యం దాన్ని తీసేసింది. హర్యానా రాష్ట్రం, యూనిక్ ఫార్మెయిడ్ కంపెనీ మధ్య నడిచిన ఇలాంటి కేసులో 1999లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పి నిందితుల పక్షాన నిలిచింది. ఆ తీర్పు ఇప్పటికీ డిఫెన్సు లాయర్ల చేతిలో ఉంది.

ఇంకో గడియారం కూడా ఉంది. ఇలాంటి నేరాలకు మూడేళ్లలోపు కేసు వేయాలి. చెమినోవా ఇండియా, పంజాబ్ రాష్ట్రం మధ్య కేసులో ప్రయోగశాల నివేదిక 2011 మార్చి 14న అందింది. ఫిర్యాదు కోర్టులో పడింది 2014 మార్చి 25న. పదకొండు రోజులు ఆలస్యం. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. ఆ సీసాలో మందు సరిగ్గా ఉందా లేదా అన్న దాని మీద విచారణే జరగలేదు. పదేళ్లు పట్టింది, పదకొండు రోజుల దగ్గర ఆగిపోయింది. శిక్షలు పెంచాలని అందరూ అంటారు. నా మటుకు నాకు, శిక్ష రెండేళ్లా ఏడేళ్లా అన్నదానికంటే నమూనా తీసిన రోజు నుంచి ఫిర్యాదు పడే రోజు దాకా ఎన్ని నెలలు పట్టిందో లెక్క అడగడం ఎక్కువ అవసరం అనిపిస్తుంది. ప్రతి మండలానికీ ఆ లెక్క తీయొచ్చు, సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగొచ్చు.

పట్టుబడేది ఎవరన్నది తర్వాతి ప్రశ్న. నమూనా దొరికేది కొట్లో. కాబట్టి మొదటి నిందితుడు కొట్టాయన. తాను లైసెన్సున్న పంపిణీదారు దగ్గరే కొన్నానని, సరుకు తప్పని తనకు తెలియదని, తగిన జాగ్రత్త తీసుకున్నా తెలుసుకోగలిగేది కాదని, తన దగ్గర సరిగ్గానే దాచానని అతను రుజువు చేస్తే బయటపడతాడు. ఇది న్యాయమే. సీలు తీయని సీసాలో ఏముందో కొట్టాయనకు ఎలా తెలుస్తుంది? అయితే అతను బిల్లులు చూపిస్తేనే ఆ తీగ లాగి కంపెనీ దాకా పోగలం. బిల్లు లేని సరుకు అమ్మితే తీగ అక్కడే తెగుతుంది. ఆకు బొమ్మల సీసాల చిరునామాకు వెళ్తే ఒక్కోసారి అద్దె గది, ఒక్కోసారి తాళం. అలాంటప్పుడు బరువంతా కొట్టాయన మీదే పడాలి. తెలియని ఊరి సరుకును ఎక్కువ కమీషన్ కోసం తెచ్చి, నోటి మాటతో పురుగుమందుగా అమ్మినవాడు జాగ్రత్త తీసుకున్నానని ఎలా అంటాడు?

ఇంకో తేడా చాలామందికి తెలియదు. కోడి మందు కొని మోసపోయిన మనిషి ఔషధాల చట్టం కింద ఫీజు కట్టి ఆ మందును ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవచ్చు. నష్టపోయినవాడిగా తానే కోర్టుకెళ్లి ప్రాసిక్యూషన్ మొదలుపెట్టొచ్చు, గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘం కూడా పెట్టొచ్చు. పైరు మందు విషయంలో అలా కాదు. పురుగుమందుల చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన అధికారి గానీ పెట్టాలి, లేదా వాళ్ల రాతపూర్వక సమ్మతి ఉండాలి. నాలుగు కోళ్ల కోసం వెళ్లగలిగిన కోర్టుకు నాలుగెకరాల మిర్చి కోసం నేరుగా వెళ్లలేకపోవడం ఏం న్యాయం? 2020 మార్చిలో రాజ్యసభలో పెట్టిన పురుగుమందుల యాజమాన్య బిల్లు తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకు వెళ్లింది. కొత్త చట్టం ఏ రూపంలో వచ్చినా రైతుకు ఈ హక్కు అందులో ఉండి తీరాలి.

కేసు గెలిచినా జరిమానా పోయేది ఖజానాకే. రైతు నష్టం తీరాలంటే దారి వినియోగదారుల కమిషన్. అక్కడ కంపెనీలు ఒకప్పుడు రెండు వాదనలు చేసేవి. రైతు వినియోగదారుడు కాడు, వ్యాపారం కోసం కొన్నాడు అన్నది ఒకటి. విత్తనం ప్రయోగశాలలో పరీక్షించకుండా తప్పని ఎలా అంటారు అన్నది రెండోది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద ఆంధ్రప్రదేశ్ రైతులే నడిపిన కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఈ రెండింటినీ తోసేసింది. రైతు వినియోగదారుడే అంది. కొన్న విత్తనమంతా చల్లేసే రైతు పరీక్ష కోసం కొంత దాచుకుంటాడని ఆశించకూడదు అంది. విత్తనం గురించి చెప్పిన తీర్పే అయినా, మందు సీసా కేసులోనూ రైతు లాయరు మొదట తీయాల్సిన కాగితం ఇది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక రైతు తాను ఉండే జిల్లాలోనే కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలు మీద ఫిర్యాదుకు ఫీజు లేదు. నష్టం జరిగిన రెండేళ్లలోపు వేయాలి.

అన్నీ ఉన్నా, అక్కడ మొదట అడిగేది బిల్లు. పర్చూరు దారిలో ఆ రైతును నేనూ అదే అడిగాను. చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. సిగరెట్ పెట్టె అట్ట వెనక పెన్నుతో రాసినట్టున్న చీటీ: మందు పేరు సగం, పక్కన అంకె, కింద గీత. కొట్టు పేరు లేదు, తేదీ లేదు, బ్యాచి లేదు. "బిల్లు అడగలేదా?" అంటే నవ్వి ఊరుకున్నాడు. అడగలేని కారణం నాకు అర్థమైంది. ఆ మందు అప్పు మీద తెచ్చింది. కాయ యార్డుకు వెళ్లాక లెక్క చూసుకునే పద్ధతి. అప్పిచ్చినవాడిని బిల్లు అడిగితే వచ్చే నెల సీసా దొరకదు. ఈ నేల మీద తప్పుడు లేబుల్ బతికేది ఈ చీటీ మీదే. నిజానికి నియమాల ప్రకారం నగదుకి అమ్మినా అరువుకి అమ్మినా బిల్లు ఇవ్వాల్సిందే. అది కొట్టాయన దయ కాదు, అతని లైసెన్సు షరతు.

మీరు మిర్చో పత్తో వేసినవారైతే, లేదా మీ ఇంట్లో వేసినవారుంటే, ఈ కాస్త పని చేయండి. అరువైనా సరే, పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉన్న బిల్లు తీసుకోండి. కొట్లో ఒక్కరే అడగలేకపోతే పదిమంది కలిసి వెళ్లి అడగండి, పదిమంది ఖాతాలు పోగొట్టుకోవడానికి ఏ కొట్టాయనా సిద్ధపడడు. సీసా మీద రంగు గుర్తు, రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా పురుగుకు పనిచేస్తుందని ఎవరు చెప్పినా కొనకండి. మందు తేడాగా ఉందనిపిస్తే సీసా పారేయకండి. సీలు తీయని సీసాలు అదే బ్యాచివి కొట్లో ఇంకా ఉన్నప్పుడే మండల వ్యవసాయాధికారికి కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. ఆయన నమూనా తీయాల్సింది ఆ బ్యాచి నుంచే. అది అమ్ముడైపోతే కోర్టుకు చూపించడానికి ఏమీ మిగలదు.